పిందె నిలవాలంటే ఎవరు రావాలి?

పై తరగతుల పిల్లలకు పాఠం. చిన్న తరగతుల పిల్లలకు అమ్మానాన్నలు, తాతయ్యలు, అమ్మమ్మలు చదివి వినిపించవలసిందిగా మనవి.

జూలై నెల వచ్చిందంటే ఏజాక్స్‌లో మన తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా, గుడిలోనైనా, పిల్లల పుట్టినరోజు పార్టీలోనైనా, పలకరింపు ఒకటే. "మీ సొరపాదు ఎంతవరకు వచ్చిందండీ?" ఏప్రిల్‌లో కిటికీ పక్కన కాగితపు కప్పుల్లో గింజలు నాటుతాం. విక్టోరియా డే దాటి మంచు భయం పోయాక నేలలోకి మారుస్తాం. డెక్‌కి తాళ్లు కట్టి పందిరి లేపుతాం. తీగ పాకుతుంది, పూలు పూస్తాయి. ఆ తరువాత మొదలవుతుంది అసలు బాధ. వేలెడంత పిందె పండుబారి, మెత్తబడి, ఒక ఉదయం చూసేసరికి రాలిపోయి ఉంటుంది. ఎరువు చాలలేదని ఒకరంటారు, నీళ్లు ఎక్కువయ్యాయని ఒకరు, దిష్టి తగిలిందని ఇంకొకరు. ఎరువూ నీరూ కారణం కావచ్చు. కానీ చాలాసార్లు కారణం వేరే ఉంటుంది. ఆ పువ్వు దగ్గరికి రావలసిన అతిథి రాలేదు, అంతే.

ఆ అతిథి ఎవరో తెలుసుకునే ముందు పువ్వు సంగతి చూద్దాం. సొర, బీర, కాకర, దోస, గుమ్మడి అన్నీ ఒకే కుటుంబం. వీటిలో ఒకే తీగ మీద మగపూలు, ఆడపూలు విడివిడిగా పూస్తాయి. గుర్తుపట్టడం చాలా తేలిక పిల్లలూ! సన్నని కాడ చివర ఉత్త పువ్వే ఉంటే అది మగపువ్వు. పువ్వు అడుగున బుల్లి సొరకాయో బుల్లి గుమ్మడికాయో కనిపిస్తే అది ఆడపువ్వు. ఆ బుల్లికాయ పేరు అండాశయం. మనం పిందె అనేది దాన్నే. మగపువ్వు నడుమ కేసరాల మీద పసుపు పొడి ఉంటుంది, అదే పుప్పొడి. ఆడపువ్వు నడుమ కాస్త జిగురుగా ఉండే భాగం కీలాగ్రం. ఆ పొడి ఈ జిగురు మీదికి చేరడాన్ని పరాగ సంపర్కం అంటారు. అక్కడికి చేరిన పుప్పొడి రేణువు గింజ మొలకెత్తినట్టే మొలకెత్తి, సన్నని గొట్టం ఒకటి లోపలికి దించుతుంది. ఆ గొట్టం అండాన్ని చేరితేనే గింజ కడుతుంది. గింజ కడుతున్న పిందెకు మొక్క ఆహారం పంపుతుంది. కట్టని దాన్ని వదిలేస్తుంది. మొక్క లెక్క అంత ఖచ్చితం.

మొదటి వారం పది రోజులు సాధారణంగా మగపూలే వస్తాయి. ఆ పూలు రాలితే కంగారు పడనక్కరలేదు. అవి రాలవలసినవే.

ఇంకో సంగతి, ఏ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుంది? గుమ్మడి పువ్వు తెల్లవారుతూనే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. కాకర పువ్వు ఉదయం పూస్తుంది. మనం కూర వండుకునే గీతల బీర మాత్రం సాయంత్రం పూస్తుంది. సొర కూడా అంతే, పొద్దు వాలాక తెల్లగా విచ్చుకుంటుంది. ఎందుకంటే దాని అతిథి చీకట్లో తిరిగే చిమ్మట. సీతాకోకచిలుకకు రాత్రిపూట చుట్టం అనుకోండి. చీకట్లో ఎరుపు, నీలం కనబడవు, తెలుపు కనబడుతుంది. దానికి తోడు వాసన దారి చూపుతుంది. మల్లె, పారిజాతం తెల్లగా ఎందుకుంటాయో, సాయంత్రం తరువాతే ఎందుకు ఘుమఘుమలాడతాయో ఇప్పుడు తెలిసింది కదా! అమ్మమ్మ జడలో పెట్టుకోవడానికి కాదు, చిమ్మట కోసం. జడలో పెట్టుకోవడం మనం కనిపెట్టిన ఉపయోగం.

చిమ్మటలు రాకపోతే? మనమే చిమ్మట పని చేయవచ్చు. చీకటి పడే వేళ ఒక మగ సొరపువ్వు కోసి, రేకులు వలిచేసి, కేసరాన్ని ఆడపువ్వు నడుమ మెల్లగా రాయాలి. అంతే. ఈ పని పిల్లలకు అప్పగించండి, వాళ్ల వేళ్లు చిన్నవి. ఇది చిన్నపిల్లల పనా అని అనుకునేవారికి ఒక కథ. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ అనే దీవి ఉంది. అక్కడికి మెక్సికో ప్రాంతానికి చెందిన వెనిల్లా తీగలు తెచ్చి నాటారు. తీగలు పెరిగాయి, పూలు పూశాయి, కాయలు మాత్రం సరిగా కాయలేదు. మెక్సికోలో ఆ పువ్వు మీద వాలే తుమ్మెదలు రీయూనియన్‌లో లేవు మరి. పెద్ద పెద్ద పండితులు ప్రయత్నించినా తోటలకు పనికొచ్చే ఉపాయం దొరకలేదు. 1841లో ఎడ్మండ్ అల్బియస్ అనే 12 ఏళ్ల బానిస బాలుడు సన్నని పుల్లతో పువ్వు లోపలి పొరను పైకి లేపి, బొటనవేలితో పుప్పొడిని కీలాగ్రానికి అద్దాడు. కాయ కాసింది! నేటికీ ప్రపంచంలో వెనిల్లా తోటలు చాలావరకు ఆ పద్ధతి మీదే నడుస్తున్నాయి. మీరు తినే వెనిల్లా ఐస్‌క్రీములో ఆ పిల్లవాడి బొటనవేలు ఉందన్న మాట.

అసలు పూలు భూమి మీదికి ఎప్పుడు వచ్చాయి? రాక్షసబల్లులు తిరిగిన కాలంలో చాలా భాగం పువ్వన్నదే లేదు. ఫెర్న్‌లు, పైన్ చెట్లు, ఈత మొక్కల్లా కనిపించే సైకస్‌లు ఉండేవి. పైన్ చెట్టు తన పుప్పొడిని గాలికి వదిలేస్తుంది. వేసవి మొదట్లో మన కార్ల మీద పసుపు చల్లినట్టు పొడి పడుతుందే, అందులో చాలాభాగం గాలికి వదిలేసిన చెట్ల పుప్పొడే. కోటి రేణువులు వదిలితే ఎక్కడో ఒకటి గురి తగులుతుంది. పేరు రాయకుండా కోటి ఉత్తరాలు గాలిలోకి విసిరినట్టు! పువ్వు ఆ ఉత్తరానికి చిరునామా రాసి, మోసే మనిషిని పెట్టి, అతనికి కూలీగా మకరందం ఇచ్చింది.

పూల మొక్కల శిలాజాలు సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం నుండి దొరుకుతున్నాయి. చైనాలో దొరికిన ఆర్కీఫ్రక్టస్ అనే నీటి మొక్క శిలాజానికి ఇంచుమించు పన్నెండున్నర కోట్ల ఏళ్లు. అవి అంత త్వరగా అన్ని రకాలుగా ఎలా విస్తరించాయో చార్లెస్ డార్విన్‌కు అంతు చిక్కలేదు. 1879లో తన మిత్రుడు హుకర్‌కు రాసిన ఉత్తరంలో ఇది మింగుడుపడని మర్మమని వాపోయాడు. ఆ మర్మం ఇప్పటికీ పూర్తిగా విడలేదు కానీ, పూలూ పురుగులూ ఒకదాన్ని ఒకటి మార్చుకుంటూ వచ్చాయన్నది మాత్రం ఈనాడు స్పష్టం.

మొదట వచ్చిన అతిథులు పెంకుపురుగులు, మామూలు ఈగలు. మాగ్నోలియా వంశం ఆ పాతకాలపు మర్యాదలు ఇంకా పాటిస్తుంది. రేకులు దళసరి, వాసన ఘాటు, పువ్వు బలంగా ఉంటుంది. పెంకుపురుగు లోపల దొర్లినా, కొరికినా తట్టుకోవాలి మరి. మన సంపెంగ ఆ వంశానిదే. మే నెలలో ఏజాక్స్ వీధుల్లో, ఆకులు రాకముందే గులాబీ రంగు గిన్నెల్లా పూసే చెట్టు దాని చుట్టమే. ఇక్కడ మన సాహిత్యం గుర్తుకు రాకమానదు. అన్ని పూల మీదా వాలే తుమ్మెద తన మీద వాలలేదని సంపెంగ బాధపడి తపస్సు చేసి, అందమైన ముక్కుగా పుట్టిందని ఒక ప్రసిద్ధ పద్యం ఉంది. అది రామరాజభూషణుడి వసుచరిత్రలో కనబడుతుంది. కానీ అసలు కర్త శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలోని నంది తిమ్మన అనీ, అందుకే ఆయనకు ముక్కు తిమ్మన అనే పేరు వచ్చిందనీ చెప్పుకుంటారు. కవి ముక్కు కోసం కల్పించిన కథే అయినా, పెంకుపురుగులను నమ్ముకున్న వంశం కాబట్టి సంపెంగకు ఆ చింత అక్కరలేదని మనం కవిగారికి విన్నవించుకోవచ్చు.

తుమ్మెదలు, తేనెటీగలు ఎలా వచ్చాయంటే, కందిరీగల వంశంలో ఒక శాఖ మాంసాహారం మానేసి శాకాహారం పట్టింది. పురుగులను వేటాడి పిల్లలకు పెట్టే బదులు పుప్పొడి ముద్దలు పెట్టడం మొదలెట్టింది. ఇది జరిగి 12 కోట్ల ఏళ్లు దాటిందని అంచనా. ఒంటినిండా కొమ్మలు చీలిన నూగు వచ్చింది, పుప్పొడి దానికి అంటుకుంటుంది. వాటికి తగ్గట్టు పూలూ మారాయి. తేనెటీగకు రంగులు తెలుస్తాయని 1914లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ రుజువు చేశాడు. నీలిరంగు కాగితం మీద తీపి పెట్టి అలవాటు చేస్తే, బూడిదరంగు కాగితాల మధ్య కూడా అది నీలాన్నే వెతుక్కుంది. ఆయనకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. తేనెటీగ కంటికి ఎరుపు సరిగా ఆనదు. మనకు కనబడని అతినీలలోహిత కిరణాలు మాత్రం కనబడతాయి. చాలా పూల రేకుల మీద, విమానానికి రన్‌వే దీపాల్లా, మకరందానికి దారి చూపే చారలు ఆ కిరణాలలోనే ఉంటాయి. మరి ఎర్రటి పూలు ఎవరి కోసం? ఒంటారియోలో వాగుల పక్కన పూసే ఎర్రని కార్డినల్ పువ్వుకు అతిథి హమ్మింగ్‌బర్డ్ పిట్ట.

ఇప్పుడు మాటల విషయంలో చిన్న చిక్కు. ఇంగ్లీషులో బీ అన్న మాటలో ఇమిడిన జీవులన్నిటికీ సరిపోయే మాట తెలుగులో లేదు. తేనెటీగ అంటే తేనె పెట్టేది మాత్రమే. కందిరీగ వేరు. కాబట్టి ఈ పాఠంలో తేనె తుట్టె పెట్టని వాటన్నిటినీ తుమ్మెదలు అందాం. మన జానపద పాటల్లో తుమ్మెదకు ఉన్న చనువు ఇంకే పురుగుకూ లేదు, ఆ పేరు వాటికి తగినదే.

కెనడాలో తేనెటీగ మనలాగే వలస వచ్చినది. ఐరోపా నుండి ఓడల్లో 1622లో వర్జీనియాకు తెచ్చారు. అంతకుముందు ఉత్తర అమెరికాలో పూల పనంతా చేసినవి ఇక్కడి తుమ్మెదలు, చిమ్మటలు, సీతాకోకచిలుకలు, ఈగలే. ప్రపంచంలో ఈ తేనెటీగ, తుమ్మెద జాతులు మొత్తం 20,000 పైనే. కెనడాలో 800 పైన, ఒక్క టొరంటో పరిసరాల్లోనే 360 పైన ఉన్నాయి. 2016లో కెనడాలో మొదటి "బీ సిటీ"గా పేరు పొందిన టొరంటో నగరానికి అధికారిక తుమ్మెద కూడా ఉంది. తల, ఛాతీ తళతళలాడే ఆకుపచ్చ రంగులో ఉండే చిన్న ప్రాణి. వీటిలో చాలా జాతులకు రాణీ లేదు, రాజ్యం లేదు, తేనెపట్టు లేదు. ఒక్కో తల్లి ఒక్కతే మట్టిలో పెన్సిలు దూరేంత బొరియ తవ్వి, అరలు కట్టి, ఒక్కో అరలో పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి మూసేస్తుంది. పిల్లను చూడకుండానే చాలా తల్లులు చనిపోతాయి. పిల్ల వచ్చే ఏడు బయటికి వస్తుంది. ఇంచుమించు నూటికి డెబ్బై జాతులు ఇలా నేలలో ఉండేవే.

వీటిలో మన తెలుగువాళ్లు తప్పక పరిచయం చేసుకోవలసింది గుమ్మడి తుమ్మెద. తీపి గుమ్మడి మన దేశానిది కాదు. మెక్సికోలో సుమారు 10,000 ఏళ్ల క్రితమే ఈ జాతిని సాగులోకి తెచ్చారు. మన సంక్రాంతి గొబ్బెమ్మల మీద పెట్టే గుమ్మడి పువ్వు, దాని పక్కనే పెట్టే బంతిపువ్వు రెండూ అమెరికా ఖండం నుండి వచ్చినవే! బూడిద గుమ్మడి మాత్రం ఆసియాది. ఆదివాసీ రైతులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి పండిస్తూ ఉత్తరానికి సాగును విస్తరించిన కొద్దీ ఈ తుమ్మెద కూడా వారి చేల వెంట వచ్చిందని దాని జన్యువులు పరిశీలించినవారు 2016లో తేల్చారు. మనకు పొరుగున ఉన్న పికరింగ్‌లో సుమారు 500 ఏళ్ల క్రితం వెండాట్ ప్రజల పెద్ద గ్రామం ఉండేది. వారి పొలాల్లోనూ ఈ మూడు పంటలే. ఈ తుమ్మెద పిల్లలకు పెట్టేది గుమ్మడి జాతి పుప్పొడే, వేరేది ముట్టదు. తెల్లవారకముందే లేచి, తేనెటీగ బద్ధకం వదలకముందే సగం పని ముగిస్తుంది. మీ సొరపాదుకు మాత్రం ఇది సాయం చేయదు, చెప్పాను కదా, దాని అతిథి వేరు.

వంకాయ, టమాటా మాట ఇంకో రకం. వీటి పూలలో పుప్పొడి ఉప్పు సీసాలో ఉప్పులా మూసిన గొట్టంలో ఉంటుంది. చివర చిన్న కన్నం. తేనెటీగకు దీన్ని తీయడం చేతకాదు. బొద్దుగా, నూగుగా ఉండే బంబుల్ తుమ్మెద పువ్వును కరిచి పట్టుకుని, రెక్కలు కదపకుండా ఛాతీ కండరాలను సెకనుకు కొన్ని వందలసార్లు వణికిస్తుంది. ఝుమ్మని శబ్దం, ఉప్పు చల్లినట్టు పుప్పొడి రాలుతుంది. శ్రీశైలంలో భ్రమరాంబ అమ్మవారి గుడి వెనుక గోడకు చెవి ఆనించి భ్రమర నాదం వింటారు కదా, అలాంటి నాదమే మీ పెరటి టమాటా మొక్క దగ్గర జూలై ఉదయం వినవచ్చు.

ఈ బంబుల్ తుమ్మెదల్లో ఒకటి మనకు దక్కకుండా పోతోంది. వీపు కింద తుప్పు రంగు మచ్చ ఉండే జాతి అది. 1970లలో దక్షిణ ఒంటారియోలో మామూలుగా కనిపించేది. యార్క్ యూనివర్సిటీ పరిశోధకురాలు షీలా కొల్లా ఏళ్ల తరబడి పాత చోట్లన్నీ గాలించారు. 2009లో హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఉన్న పైనరీ పార్కులో కనిపించిన తరువాత కెనడాలో మళ్లీ ఆ తుమ్మెద కనబడలేదు. 2012లో కేంద్ర ప్రభుత్వం అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది, 2017లో అమెరికా కూడా చేర్చింది. కారణం ఒక్కటి కాదు. టమాటా గ్రీన్‌హౌస్‌ల కోసం పెట్టెల్లో పెంచే తుమ్మెదల నుండి బయటి వాటికి రోగాలు పాకడం, పురుగు మందులు, గడ్డి మైదానాలు ఇళ్లు కావడం, ఎండలు పెరగడం, అన్నీ అనుమానితులే. మన ఇళ్లు కూడా ఒకప్పటి పొలాల మీద లేచినవే అన్నది మరచిపోకూడదు.

గుమ్మడి తుమ్మెద మీద గ్వెల్ఫ్ యూనివర్సిటీకి చెందిన సుసాన్ చాన్, నైజెల్ రేన్ 2021లో ప్రచురించిన ఫలితం చూడండి. నాటేటప్పుడు మట్టిలో ఇమిడాక్లోప్రిడ్ మందు వేసిన పాదుల దగ్గర తుమ్మెదలు 85 శాతం తక్కువ గూళ్లు కట్టాయి, 89 శాతం తక్కువ పిల్లలను కన్నాయి. నేలలో బతికే తల్లికి నేలలోనే విషం పెట్టినట్టయింది.

మన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో కథ ఇంతకంటే వేరు కాదు. రాయలసీమలో పొద్దుతిరుగుడు వేసే రైతులకు వ్యవసాయ శాఖవారు ఒక సలహా ఇస్తారు. పూత సమయంలో రోజు విడిచి రోజు, ఉదయం పూట, చేతికి పలుచని గుడ్డ చుట్టుకుని పువ్వు తల మీద మెల్లగా రుద్దమంటారు. లేకపోతే నడుమ అంతా తాలు గింజలే. పొలంలో తేనెటీగలు తగినన్ని ఉంటే ఆ కూలి ఖర్చు ఎందుకు? ఇక మన శేషాచలం కొండల ఎర్రచందనం. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన సాల్మన్ రాజు తన సహచరుడితో కలిసి 2002లో దాని పూల మీద పరిశోధన ప్రచురించారు. ఆ పసుపు పూల పని చేసేది కొండ తేనెటీగ, తొర్ర తేనెటీగ, పొదల్లో చిన్న పట్టు పెట్టే తేనెటీగ అని తేల్చారు. దొంగలు గొడ్డలితో నరికే చెట్టు గురించి పేపర్లో రోజూ చదువుతాం. కానీ గింజ కట్టకపోతే అడవి తనంతట తానే ముసలిదవుతుంది. నల్లమలలో చెంచులు తరతరాలుగా కొండచరియల మీది తేనె దించుతున్నారు. ఆ పట్టు ఏటా తిరిగి పెడితేనే వారికి తిండి. విశాఖలో 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అమ్మే తేనె సీసా మీలో చాలామంది ఇండియా నుండి తెచ్చుకునే ఉంటారు.

మరి మన పెరట్లో ఏం చేయాలి? తుమ్మెదలను కాపాడాలని తేనెపెట్టె కొనడం మంచిదేనా అని కొందరు అడుగుతారు. తేనె కోసమైతే కొనండి. తుమ్మెదల కోసమైతే వద్దని నా అభిప్రాయం. చిన్న పెరట్లో వేల తేనెటీగలను దింపితే ఉన్న కొద్ది పూలనూ అవే ఊడ్చేస్తాయి. అంతకంటే తేలికైనది, ఖర్చు లేనిది ఇంకోటుంది. పెరడంతా ఇంటర్‌లాక్ రాళ్లు పరచకుండా ఎండ తగిలే మూల ఒక చాపంత నేల ఖాళీగా వదలండి. మల్చ్ కూడా వేయకండి. గుమ్మడి పాదు చుట్టూ మట్టిని లోతుగా తవ్వకండి, పిల్లలు అక్కడే నిద్రపోతుంటాయి. రాస్‌బెర్రీ కాడలు అక్టోబరులోనే నేలమట్టం చేయకుండా వసంతం దాకా నిలబెట్టండి, బోలు కాడల్లో కొన్ని జాతులు చలికాలం గడుపుతాయి. ఒంటారియోలో ఇంటి పచ్చిక మీద అందం కోసం పురుగుమందు చల్లడం 2009 ఏప్రిల్ 22 నుండి నిషేధం, కాబట్టి ఆ బాధ మనకు కొంత తప్పింది. ఇక ఆగస్టు, సెప్టెంబరులో డఫిన్స్ క్రీక్ వెంట పసుపుగా పూసే గోల్డెన్‌రాడ్‌ను చూసి తుమ్ములు దానివల్లే అనుకుని పీకేస్తుంటారు. పాపం, నేరం దానిది కాదు. దాని పుప్పొడి బరువైనది, జిగురుది, గాలికి ఎగరదు. తుమ్మించేది అదే సమయంలో కంటికి ఆనని ఆకుపచ్చ పూలు పూసి గాలికి పొడి వదిలే రాగ్‌వీడ్. గోల్డెన్‌రాడ్ చలికాలం ముందు బంబుల్ రాణులకు కడుపు నింపే చివరి భోజనం. కొత్త రాణి ఒక్కతే నేలలో దూరి చలికాలం దాటుతుంది, మిగతా కుటుంబమంతా మంచుకు పోతుంది. ఆమె దాటకపోతే వచ్చే ఏడు ఆ ఇల్లు లేదు.

పిల్లలకు కుడతాయన్న భయం ఉంటుంది. పార్కులో పిక్నిక్ పళ్లెం మీదికి వచ్చి విసిగించే నునుపు ఒంటి పసుపు చారలది కందిరీగ, తుమ్మెద కాదు. ఒంటరి తుమ్మెదలు చేత్తో నలిపితే తప్ప కుట్టవు. మగవాటికైతే ముల్లే ఉండదు.

ఇంటి పని: జూలైలో ఒక ఆదివారం ఆరు గంటలకు లేచి మీ గుమ్మడి పువ్వులోకి తొంగి చూడండి. ఎన్ని వచ్చాయి, మగపువ్వు మీద ఎంతసేపు, ఆడపువ్వు మీద ఎంతసేపు, పుస్తకంలో రాయండి. మళ్లీ మధ్యాహ్నం ముడుచుకున్న మగపువ్వును రెండు వేళ్లతో మెల్లగా తాకండి. నలపకండి. లోపల సన్నగా బుర్రుమంటే అది మగ గుమ్మడి తుమ్మెద, పొద్దున్న అలసిపోయి ఆ పువ్వునే దుప్పటిగా కప్పుకుని పడుకుంది. లేపకుండా వదిలేసి, తేదీ, వేళ రాసుకుని సెప్టెంబరులో తరగతికి తీసుకురండి.